ఏంజెల్ చేపల జంటలు - పోట్లాట నివారణ

రంగు చేపలను పెంచి అమ్ముకొను రైతు సోదరులు ఏంజెల్ చేపల విషయమున ఒక సంగతి గమనింపవలెను. దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీ ప్రాంతమునకు చెందిన ఈ చేపలు సిక్లిడ్ కుటుంబములోనివి. చిన్నతనమున ఇవి గుంపుగా తిరుగును. జత కుదిరి గ్రుడ్లు పెట్టు సమయము రాగానే ఆ జంట తొట్టిలో కొంత చోటు ఆక్రమించుకొని, దాపునకు వచ్చిన చేపల నెల్ల తరిమికొట్టును. ఇది గ్రుడ్లను, పిల్లలను కాపాడుకొను స్వభావము. దీనిని మాన్పింపజూడక, తగిన ఎడము కల్పింపవలెను.

ఆడ, మగలను పైచూపునకు గుర్తించుట కష్టము. కావున 6 నుండి 8 పిల్లలను కలిపి పెంచినచో, పెద్దవైన పిమ్మట అవే జత కుదుర్చుకొనును. కుదిరిన జంటను వెంటనే వేరు తొట్టిలోనికి మార్చవలెను. ఒకే తొట్టిలో రెండు జంటల నుంచక తప్పనిచో, ఒకదానికొకటి కనబడకుండ నడుమ అడ్డు పెట్టవలెను. గ్రుడ్లు పెట్టుటకు ప్రతి జంటకును ఒక పలకను ఏటవాలుగా నిలుపవలెను.

ఒక్కొక్కప్పుడు జంటలోనే ఒకటి రెండవదాని రెక్కలు చింపును. అప్పుడు రెండును చూచుకొనుచుండునట్లు నడుమ గాజు పలక నిలిపి, కొన్నాళ్ల తరువాత తీసి చూడవలెను. అప్పటికిని తరుముట మానకున్నచో ఆ జతను విడదీయుటయే మేలు. ఆలస్యము చేసిన బలహీనమైన చేప చచ్చిపోవును.

గ్రుడ్లు 2, 3 దినములలో పొదుగును. అంతవరకు తొట్టిని కదలింపరాదు. బెదరిన తల్లిదండ్రులు తమ గ్రుడ్లను తామే తినివేయును.