పండు మీద పలుచని పొర.. సద్దిలో చల్లటి కాపలా

సంతరోజు నిగనిగలాడుతూ ఇంటికొచ్చిన టమాటాలు నాలుగో రోజుకు మెత్తబడి నీరు కారుతుంటాయి. జామపండ్లయితే అంతకంటే ముందే మగ్గిపోయి వాసన మారతాయి. వీధి చివర కూరగాయల బండి ఉండే పట్నంలో ఇదో పెద్ద విషయం కాకపోవచ్చు. మహబూబాబాద్ జిల్లా కొత్తగూడ వంటి అటవీ మండలంలో, వారానికోసారి సంతలో సరుకులు తెచ్చుకునే ఇంట్లో మాత్రం పాడైన కాయతో పోయేది డబ్బులొక్కటే కాదు. వారం చివరి రెండు మూడు రోజులు కంచంలో కూరగాయే ఉండదు. పచ్చడి మెతుకులతో సరిపెట్టుకోవాల్సి వస్తుంది. ఎదిగే పిల్లలకూ గర్భిణులకూ అందాల్సిన విటమిన్లు పెంటకుప్ప పాలవుతాయి.

ఇది ఒక్క ఇంటి గోడు కాదు. లూధియానాలోని కేంద్ర పరిశోధన సంస్థ సీఫెట్ 2015లో వెలువరించిన దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం కోత దగ్గర నుంచి అమ్మకం దాకా జామలో 15.88 శాతం, టమాటాలో 12.44 శాతం నష్టపోతున్నాం. మన వంటింట్లో కుళ్లేది దీనికి అదనం. అందుకే తినదగిన పొరలు, మేలు చేసే బ్యాక్టీరియా (ప్రొబయాటిక్స్) మీద శాస్త్రవేత్తలు అంత శ్రద్ధ పెడుతున్నారు. పేర్లు కొత్తగా ఉన్నా ఈ రెండు ఉపాయాలూ మన ఇళ్లకు పూర్తిగా కొత్తవేమీ కావు.

కోసినా ఊపిరి ఆగదు

చెట్టు నుంచి తెంపిన తర్వాత కూడా కాయ బతికే ఉంటుంది. ఆక్సిజన్ పీల్చుకుంటుంది, కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, తొక్కలోంచి నీటిని కోల్పోతుంది. టమాటా, మామిడి, జామ, అరటి వంటివి ఇథిలీన్ అనే వాయువును వదులుతూ తమను తామే మగ్గబెట్టుకుంటాయి. ఊపిరి ఎంత వేగమైతే పాడవటం అంత వేగం. దీన్ని కొంత అదుపు చేయటానికి ప్రకృతే కాయల తొక్క మీద సన్నటి మైనపు పొర పెట్టింది. కడగటం, రుద్దటం, బుట్టల్లో కుక్కటం వల్ల అది చెరిగిపోతుంది. పోయిన ఆ పొరను తినదగిన పదార్థంతో మళ్లీ వేయటమే ఈ పద్ధతి.

పొర ఎంత మందం ఉండాలన్నది ఇందులో అసలు కిటుకు. ఊపిరిని నెమ్మదింపజేయాలి గానీ ఆపకూడదు. మరీ మందంగా పూస్తే లోపల ఆక్సిజన్ అందక కాయ పులిసి, సారా వాసన కొడుతుంది. పదార్థాల్లోనూ తేడాలున్నాయి. పిండి పదార్థాలు, జిగుర్లతో చేసిన పొర ఆక్సిజన్‌ను బాగా అడ్డుకుంటుంది గానీ తేమను అంతగా ఆపలేదు. మైనం, నూనె వంటివి తేమను ఆపుతాయి. అందుకే చాలా పూతల్లో రెండింటినీ కలుపుతారు.

అడవి బంకకూ ఇందులో చోటుంది

గిరిజన సహకార సంస్థ అడవి బిడ్డల దగ్గర కొనే ఉత్పత్తుల్లో తపసి బంక ఒకటి. తపసి చెట్టు బెరడు నుంచి ఎండాకాలంలో కారే ఈ జిగురు తన బరువుకు ఎన్నో రెట్లు నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది. ఐస్‌క్రీముల్లో చిక్కదనానికి, విరేచనం సాఫీగా కావటానికి ఇచ్చే మందుల్లో, కట్టుడు పళ్లను పట్టి ఉంచే పొడుల్లో దీన్ని వాడుతుంటారు. ఆహార పదార్థాల్లో కలిపే సరుకుగా దీని సంఖ్య 416. పండ్ల మీద పూతగా పరీక్షిస్తున్న జిగుర్లలో ఇదీ ఉంది. గొడ్డలితో లోతుగా నరికి బంక తీస్తే చెట్టే చచ్చిపోతుంది. చిన్న గాటుతో తీస్తే ఏళ్ల తరబడి ఇస్తుంది. రేపు ఈ బంకకు పండ్ల మార్కెట్లో గిరాకీ పెరిగినా ఆ లాభం చెట్టు బతికుంటేనే దక్కుతుంది.

అలాగని బంక కొనుక్కొచ్చి నీళ్లలో నానబెట్టి ఇంట్లో పండ్లకు పూయకండి. శుద్ధి చేయని బంకలో బెరడు ముక్కలు, దుమ్ము, సూక్ష్మక్రిములు ఉంటాయి. తడి జిగురు సరిగా ఆరకపోతే బూజుకు అదే పందిరి అవుతుంది.

మైనం పూసిన యాపిల్ తినొచ్చా?

గోటితో గీరితే తెల్లటి పొడి రాలిందని భయపడి యాపిళ్లు పారేసేవాళ్లున్నారు. తాజా పండ్లకు తేనెమైనం, కార్నౌబా మైనం, లక్కతో చేసే షెల్లాక్ పూయటానికి మన ఆహార భద్రత నిబంధనలు అనుమతిస్తున్నాయి. ఏ మైనం పూశారో లేబుల్ మీద చెప్పాలి. వీటి సంఖ్యలు వరుసగా 901, 903, 904. ఇవి పెద్దగా అరగవు, ఒంటికి పట్టవు, మలంతో బయటికి పోతాయి. లక్క మోదుగ, కుసుమ, రేగు చెట్ల మీద బతికే పురుగుల నుంచి వస్తుంది కాబట్టి కచ్చితమైన శాకాహారులు 904 సంఖ్యను గమనించుకోవటం మంచిది. మైనం కంటే దాని కింద ఇరుక్కున్న దుమ్ము, మందుల అవశేషాల గురించే నా బెంగంతా. గోరువెచ్చటి నీటిలో చేత్తో రుద్ది కడిగి, పొడిబట్టతో తుడిచి తినండి. సబ్బు వాడొద్దు.

ఇక మన ఇళ్లలోని పాత పూతల సంగతి. కందిపప్పుకు ఆముదం పట్టించటం పెద్దవాళ్లకు తెలిసిన పనే. కిలో పప్పుకు ఒక చెంచా ఆముదం సరిపోతుంది. గింజ మీద నూనె పొర ఉంటే పురుగు గుడ్లు పెట్టటం, పెట్టినవి పొదగటం కష్టమవుతుంది. వండే ముందు రెండుమూడు సార్లు బాగా కడగండి. ఆముదం విరేచనకారి కదా! ఆవకాయ మీద తేలే నూనె కూడా పొరే. ముక్క నూనెలోంచి పైకి తేలి గాలి తగిలితే బూజు మొదలయ్యేది అక్కడే. కోడిగుడ్డు పెంకు మీదా సహజమైన పూత ఉంటుంది. నాటుకోడి గుడ్లను ముందే కడిగి దాచుకుంటే ఆ పూత పోయి, పెంకు సూక్ష్మరంధ్రాల్లోంచి క్రిములు లోపలికి చేరతాయి. వండేటప్పుడు కడిగితే చాలు.

బ్యాక్టీరియాకు బ్యాక్టీరియానే మందు

పొర ఒక్కటే ఉంటే క్రిములు చావవు. అక్కడ పనికొచ్చేది రెండో ఉపాయం. పెరుగులోని లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా పాలను పులియబెడుతూ ఆమ్లాన్ని తయారుచేస్తుంది. ఆ పులుపులో చాలా చెడు క్రిములు పెరగలేవు. కొన్ని రకాలు క్రిములను చంపే ప్రొటీన్లనూ వదులుతాయి. వాటిలో నైసిన్ అనేది చీజ్ వంటి వాటిలో ఎన్నో ఏళ్లుగా వాడుకలో ఉంది. లేబుల్ మీద దాని సంఖ్య 234. ఇది లిస్టీరియా వంటి క్రిముల మీద బాగా పనిచేస్తుంది, సాల్మొనెల్లా, ఈ.కోలై మీద మాత్రం అంతగా పనిచేయదు. కాబట్టి ఇది చేతులు కడుక్కోవటానికి బదులు కాదు.

రెండు ఉపాయాలనూ కలిపిన ప్రయోగాలూ ఉన్నాయి. 2007లో వెలువడిన ఒక పరిశోధనలో సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్‌తో చేసిన పూతలో బిఫిడోబ్యాక్టీరియాను కలిపి, కోసిన యాపిల్, బొప్పాయి ముక్కలకు పట్టించారు. ఫ్రిజ్‌లో పది రోజుల తర్వాత కూడా ప్రతి గ్రాములో 10 లక్షలకు పైగా బ్యాక్టీరియా సజీవంగా ఉంది. ప్రొబయాటిక్ అని అమ్మే ఆహారంలో రోజువారీ మోతాదుకు కనీసం 10 కోట్ల బ్యాక్టీరియా బతికి ఉండాలని మన నిబంధన. అంటే అలాంటి ముక్కలు వంద గ్రాములు తింటే లెక్క సరిపోతుంది. ఇదంతా చల్లదనం ఉంటేనే. కరెంటు పోతే ఆ లెక్క తప్పుతుంది.

ఇంట్లో తోడేసిన పెరుగును ప్రొబయాటిక్ అనొచ్చా? శాస్త్రం మాటల్లో అయితే కాదు. మేలు రుజువైన ఫలానా రకం బ్యాక్టీరియా తగినంత సంఖ్యలో ఉంటేనే ఆ పేరు. అయినా ఇంటి పెరుగులో సజీవ బ్యాక్టీరియా ఉంటుంది, ప్రొటీన్, క్యాల్షియం ఉంటాయి. ఖరీదైన చిన్న సీసాల కోసం దాన్ని మానేయాల్సిన పనిలేదు. మజ్జిగపులుసులా మరిగిస్తే మాత్రం ఆ బ్యాక్టీరియా చచ్చిపోతుంది. క్యాన్సర్ చికిత్స తీసుకుంటున్నవారు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారు ప్రొబయాటిక్ మాత్రలు, పొడులను డాక్టర్‌ను అడగకుండా వాడొద్దు.

సద్దిలో జాగ్రత్త ఎక్కడ?

రాత్రి మిగిలిన అన్నాన్ని నీళ్లు పోసి, చల్ల కలిపి పొద్దున తినటం మన అలవాటే. ఇందులో పొంచి ఉన్న ప్రమాదం పేరు బ్యాసిల్లస్ సీరియస్. దీని విత్తనాల్లాంటి స్పోర్లు ఉడికినా చావవు. అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే అవి మొలిచి విషాన్ని వదులుతాయి. ఒక రకం విషం మళ్లీ వేడి చేసినా పోదు. వాంతులు, విరేచనాలు అవుతాయి. అందుకని మిగిలిన అన్నాన్ని కుండలో ముద్దగా వదిలేయకుండా పళ్లెంలో పరిచి త్వరగా చల్లార్చండి. రెండు గంటల్లోపే కాచి చల్లార్చిన నీళ్లు పోసి, తాజా పెరుగు లేదా చల్ల కలిపేయండి. పులుపు త్వరగా ఎక్కితే చెడు క్రిములకు అదను దొరకదు. పొద్దున్నే తినేయండి, మధ్యాహ్నానికి దాచొద్దు. తీగ సాగినా, పుల్లటి వాసన కాకుండా కుళ్లు వాసన వచ్చినా పారబోయండి. పసిపిల్లలకు పెట్టకపోవటమే మేలు.

సంత సరుకు విషయానికొస్తే, పండిన అరటి, మామిడి పక్కన ఆకుకూరలు పెట్టకండి, ఇథిలీన్‌కు ఆకులు త్వరగా పసుపెక్కుతాయి. టమాటాల్లో పచ్చివి, దోరవి, పండినవి వేరుచేసి పండినవి ముందు వండండి. దెబ్బతిన్న ఒక్క కాయ బుట్టలో ఉంటే ఇథిలీన్, బూజు రెండూ పక్కవాటికి అంటుతాయి, ఇంటికి రాగానే దాన్ని తీసేయండి. కోసిన పుచ్చకాయ, బొప్పాయి రెండు గంటలకు మించి బయట ఉంచొద్దు. గర్భిణులైతే కోసి చాలాసేపైన పండ్ల ముక్కలను అసలు తినొద్దు. 2011లో అమెరికాలో లిస్టీరియా సోకిన ఖర్బూజలు తిని 33 మంది చనిపోయారు. ఫ్రిజ్ చల్లదనంలోనూ ఆ క్రిమి పెరుగుతుంది. ఖర్బూజ తొక్కను కోసే ముందే బాగా రుద్ది కడగాలి, ఎందుకంటే తొక్క మీది క్రిమిని కత్తే లోపలి గుజ్జుకు అంటిస్తుంది.