తాళము పడిన కంప్యూటరు: వృద్ధ సభ్యులకు మనము చేయదగిన సాయము

పూర్వము మన యిండ్లలో దస్తావేజులు, పట్టాలు, శిస్తు రసీదులు భోషాణములో భద్రపఱచి, తాళపుచెవిని ఇంటి పెద్ద మొలత్రాటికి కట్టుకొనెడివాడు. చెవి పోయినచో కమ్మరి వచ్చి తాళమును పగులగొట్టెడివాడు. లోని కాగితములకు హాని కలిగెడిది కాదు. నేడు ఆ కాగితములలో పెక్కు కంప్యూటరులోనికి చేరినవి. ఇచ్చటి తాళము వేఱు విధమైనది. దీని చెవి పోయినచో పగులగొట్టగల కమ్మరి లేడు. ఈ భేదము తెలియక వృద్ధులగు సభ్యులు పడుచున్న కష్టమును గూర్చియు, దానికి గల ఉపాయములను గూర్చియు ఈ నెల వ్రాయుచున్నాము.

మా యెఱుకలో జరిగిన సంగతి యొకటి చెప్పెదము. డెబ్బది యేండ్లు దాటిన రైతొకరు తమ సేద్యపు లెక్కలను, గట్టు తగాదాకు సంబంధించిన కాగితముల నకళ్లను, గతించిన భార్య ఫోటోలను ఒక లాప్‌టాప్‌లో ఉంచుకొనిరి. యంత్రము చెడగా పట్టణమునకు పంపి మదర్‌బోర్డు మార్పించిరి. తిరిగి వచ్చిన పిమ్మట మీట నొక్కగా నీలిరంగు తెర వచ్చి, 48 అంకెల సంఖ్య నొకదానిని అడిగెను. ఆ సంఖ్య యేదో వారెఱుగరు. బాగుచేసిన వానిని అడుగగా, "పెద్దాయనా, ఇది తెఱచుకొనదు. డిస్కంతయు తుడిచివేసి క్రొత్తగా ఎక్కించెదను" అనెను. వారు అందుకు సమ్మతింపక యంత్రమును చంకబెట్టుకొని సంఘ కార్యాలయమునకు వచ్చిరి. అట్లు సమ్మతింపకుండుటయే వారిని కాపాడినది.

ఇది దొంగల పనియు కాదు, వైరసును కాదు. విండోసు యంత్రములలో బిట్‌లాకర్ అను ఏర్పాటు కలదు. ఇది డిస్కులోని సమస్తమును చెవి లేనివారికి అర్థము కాని గుర్తులుగా మార్చి యుంచును. యంత్రము పోయినను, దొంగిలింపబడినను, అందలి సంగతులు పరుల చేతిలో పడకుండుటకే ఇది యేర్పడినది. చెవిని మదర్‌బోర్డుపై నున్న చిన్న చిప్పు కాచుచుండును గావున ప్రతిదినము మనకు దాని ఉనికియే తెలియదు. మదర్‌బోర్డు మారినప్పుడును, ఒక్కొక్కప్పుడు దానిలోని మూల కార్యక్రమము నవీకరింపబడినప్పుడును, యంత్రము తన యజమానినే పరునిగా శంకించి 48 అంకెల సంఖ్యను అడుగును. 2024లో వెలువడిన విండోసు 11 కూర్పు మొదలుకొని, మైక్రోసాఫ్టు ఖాతాతో ప్రారంభించిన క్రొత్త యంత్రములలో పెక్కింటికి ఈ తాళము అడుగకయే పడుచున్నది. తాళము వేసిన సంగతియే తెలియనివారు చెవిని దాచుకొనుట యెట్లు?

ఇక ఆ చెవి యెచ్చట దొరకును? సాధారణముగా, యంత్రమును మొట్టమొదట తెఱచినవారి మైక్రోసాఫ్టు ఖాతాలో అది తనంత తానే వ్రాయబడి యుండును. ఇక్కడనే వృద్ధులు తప్పు త్రోవ పట్టుచున్నారు. తమ ఖాతాలో వెదకి, లేదని నిరాశ చెందుచున్నారు. పై రైతును మేమడిగిన మొదటి ప్రశ్న ఇది: "ఈ యంత్రమును తొలిసారి తెఱచి ఇచ్చినదెవరు?" హైదరాబాదులోని మనుమరాలని చెప్పిరి. ఆమెకు ఫోను చేయగా, "తాతయ్యా, నా ఖాతాతోనే తెఱచితిని" అని, ఖాతాలోని పరికరముల పట్టికను చూచి, సంఖ్యను కనుగొనెను. నీలితెరపై చూపబడిన గుర్తులలో మొదటి ఎనిమిదియు ఆమె చూచుచున్న గుర్తులతో సరిపోయినందున, అది ఆ యంత్రపు చెవియే యని నిశ్చయమైనది.

ఈ సంఖ్య ఆరేసి అంకెలు గల ఎనిమిది భాగములుగా నుండును. ప్రతి భాగమును 11 చేత నిశ్శేషముగా భాగింపబడును. ఉదాహరణమునకు 135795ను 11 చేత భాగించినచో 12345 వచ్చును, శేషముండదు. ఒక అంకె తప్పు వ్రాసినను, ప్రక్కప్రక్క అంకెలు రెండు తారుమారైనను శేషము మిగులును. చూపు మందగించినవారు వ్రాసికొన్న సంఖ్యను సరిచూచుకొనుటకు ఇంతకంటె సులభమైన మార్గము లేదు. మన పెద్దాయన మూడవ భాగమున 6కు బదులు 8 వ్రాసిన సంగతి ఇట్లే బయటపడినది. దిద్ది ఎక్కింపగా యంత్రము తెఱచుకొనెను. వారు మొదట లెక్కలు చూడలేదు, భార్య ఫోటోను చూచిరి.

మఱియొక సభ్యుని విషయమున ఫలితము వేఱు. ఆయన మా యొద్దకు వచ్చునప్పటికే డిస్కును తుడిచివేయించి యుండెను. వేఱొకచోట నకలు లేదు. పోయిన చెవిని తాము తిరిగి చేసి ఇయ్యలేమని మైక్రోసాఫ్టు వారే చెప్పుచున్నారు. కావున చెవిని ఖాతాలలోను, పాత కాగితములలోను, పెన్‌డ్రైవులలోను వెదకక మునుపు ఎవ్వరు చెప్పినను డిస్కును తుడువనీయరాదు.

యంత్రము చక్కగా పనిచేయుచున్న దినములలోనే ఈ సంఖ్యను చూచి రెండు కాగితములపై పెద్ద అంకెలతో వ్రాసికొనవలయును. ఒకటి పట్టాదారు పాసుపుస్తకముతో, ఇంకొకటి నమ్మకమైన బిడ్డ యొద్ద నుండవలెను. లాప్‌టాపు సంచిలో ఉంచుట, తాళమునకే చెవిని వ్రేలాడదీయుట వంటిది. ఖాతాలోని ఫోను నంబరును కూడ సరిచూడవలెను. సిమ్ము మార్చి పాత నంబరును అట్లే యుంచినచో, ఓటీపీ పరుల ఫోనునకు పోవును. పాత ఆధారములన్నియు మార్చవలసి వచ్చినచో మైక్రోసాఫ్టు ఖాతాకు 30 దినములు ఆగవలసి యుండును.

ఆధార్ పత్రపు ఫైలును తెఱచుటలో కలుగు చిక్కు ఇంకను సామాన్యము. దాని పాస్‌వర్డు ఆధార్‌లోని పేరు యొక్క మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్ద అక్షరములును, జన్మ సంవత్సరమును కలిసినది. పేర్ల మధ్య ఖాళీ లెక్కకు రాదు. సాయి కుమార్ అను 1990లో పుట్టినవానికి ఎస్, ఏ, ఐ, కె, 1990 అగును. పొడియక్షరము తరువాతి చుక్క మాత్రము లెక్కకు వచ్చును. పి. కుమార్ అయినచో పి, చుక్క, కె, యు, 1990. మనలో ఇంటిపేరు ముందు వ్రాయు వాడుక కలదు గావున, ఆధార్‌లో ఏ పేరు ముందున్నదో చూడవలెను. మన వృద్ధులలో పెక్కురకు నిజమైన జన్మ సంవత్సరము ఒకటి, కార్డులో వ్రాయబడినది మఱియొకటి. ఇచ్చట కార్డులోనిదే చెల్లును.

దుర్మార్గులు ఫైళ్లకు తాళము వేసి సొమ్మడుగు పద్ధతియు కలదు. 2017 మే నెలలో వానాక్రై అనునది పెక్కు దేశములలో నిట్లు చేసినది. అట్టివారికి సొమ్మిచ్చినను చెవి వచ్చునను నమ్మకము లేదు. యంత్రమును వెంటనే ఇంటర్నెట్టు నుండి విడదీసి, 1930 నంబరునకు ఫోను చేయవలెను. 2016లో యూరోపు పోలీసులు, కొన్ని సంస్థలు కలిసి స్థాపించిన నో మోర్ రాన్సమ్ అను చోట, కొన్ని రకముల తాళములకు చెవులు ఉచితముగా లభించుచున్నవి.

సాయపడు యువకులకు ఒక మాట. వృద్ధుని ప్రక్కన కూర్చుండుడు. మీటలను ఆయన చేతనే నొక్కింపుడు. పాస్‌వర్డును మీరు వ్రాసికొనకుడు, ఓటీపీని అడుగకుడు. తోచిన పాస్‌వర్డు నెల్ల వరుసగా ప్రయత్నింపకుడు, అట్లు చేసినచో ఖాతాయే కొంతకాలము మూయబడవచ్చును. "ఈ మాత్రము తెలియదా?" అను మాట నోట రానీయకుడు. ఆయన చేతనే నాగలి పట్ట నేర్చినవారము మనము.

ప్రాథమిక సంఘములను కంప్యూటరీకరించుటకు 2022 జూన్ నెలలో భారత ప్రభుత్వము 63,000 సంఘములకు సరిపడు పథకమును ఆమోదించినది. సంఘపు లెక్కలు యంత్రములోనికి పోవునప్పుడు సభ్యుని లెక్కలు మాత్రము వెనుకబడునా? కావున ప్రతి సంఘమును సమావేశ దినమున అరగంట కేటాయించి, వృద్ధ సభ్యుల యంత్రములను వారి యెదుటనే చూచి, 48 అంకెలను వ్రాయించి, 11 చేత సరిచూపించి, ఆ కాగితమును వారి చేతికే ఇయ్యవలెనని కోరుచున్నాము. దీనికి ఖర్చు ఒక కాగితము, ఒక కలము మాత్రమే.