చర్మమును, దాని వర్ణభేదములును, మచ్చల పరిశీలనయును
(పట్టణ, తాలూకా అధికారుల ఉపయోగార్థము)

1. మనుష్యుని అవయవములలో చర్మము మిక్కిలి విశాలమైనది. వయస్సు వచ్చినవారి చర్మము ఇంచుమించు ఒకటిన్నర మొదలు రెండు చదరపు మీటర్ల వైశాల్యము గలది. ఇందు పైపొర, లోపొర, వాని క్రింద క్రొవ్వుపొర గలవు. పైపొరయందు రక్తనాళములు లేవు. దాని కణములు సుమారు నాలుగు వారములలో రాలిపోయి క్రొత్తవి ఏర్పడుచుండును. లోపొరయందు రక్తనాళములును, చెమట గ్రంథులును, స్పర్శ తెలుపు నరములును ఉండును. అరచేతులందును అరికాళ్లయందును చర్మము దళసరిగాను, కనురెప్పలపై మిక్కిలి పలుచగాను ఉండును.

2. పైపొర అడుగునగల వర్ణకణములు మెలనిన్ అను రంగుపదార్థమును పుట్టించును. ఈ కణముల సంఖ్య తెల్లవారియందును నల్లవారియందును ఇంచుమించు సమానమే. మెలనిన్ యొక్క రకము, పరిమాణము, వ్యాప్తి అను వానియందే భేదము గలదు. అమెరికా వైద్యుడగు ఫిట్జ్‌పాట్రిక్ 1975లో, ఎండకు చర్మము కందుటయు నల్లబడుటయు ననుసరించి తెల్లని చర్మమును తరగతులుగా విభజించెను. తరువాత గోధుమ, నలుపు వర్ణములను చేర్చగా తరగతులు ఆరైనవి. ఇవి ఎండను సహించు శక్తిని తెలుపునే గాని యోగ్యతను తెలుపవు.

3. ఈ వర్ణభేదము రోగపరీక్షయందు ముఖ్యము. తెల్లని చర్మముపై ఎరుపు సులభముగా కనబడును. మన దేశీయుల చర్మముపై అట్లు కనబడదు. పాలిపోయిన మచ్చయే ముందుగా కంటబడును. అట్టి మచ్చలన్నియు ఒకటి కావు.

(అ) బొల్లి: వర్ణకణములు నశించుటచే మచ్చ పాలవలె తెల్లనగును. స్పర్శ చెడదు. ఇది అంటువ్యాధి కాదు. దీనికి శ్వేతకుష్ఠమను పేరు వాడుకయందుండుటచే పెక్కుమంది నిరపరాధులు వెలివేయబడిరి.

(ఆ) సిబ్బెము: రొమ్ముపైనను వీపుపైనను సన్నని పొట్టుతో వచ్చు మచ్చలు. స్పర్శ యథాప్రకారముండును.

(ఇ) కుష్ఠము: మచ్చ పాలతెలుపు కాక, పాలిపోయియో రాగివర్ణముగనో ఉండును. తరచుగా అచట స్పర్శ తగ్గును. దీని సూక్ష్మజీవిని నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ 1873లో కనుగొనెను. అయినను కొందరి మచ్చలయందు స్పర్శ మిగిలియుండుటయు గలదు. కావున నిర్ణయము వైద్యునిదే.

4. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సిఫారసు చేసిన బహుళౌషధ చికిత్స ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితముగా లభించును. మచ్చలు ఐదు వరకున్నచో ఆరు మాసములు, అంతకు మించినచో పండ్రెండు మాసములు మందు వాడవలెను. చికిత్స ఆరంభమైన స్వల్పకాలముననే రోగము ఇతరులకు అంటుట నిలిచిపోవును. ఆలస్యమైనచో నరములు చెడి చేతులు కాళ్లు మొద్దుబారును. పిదప మందు సూక్ష్మజీవిని చంపినను చెడిన నరము మరల బాగుపడునను నమ్మకము లేదు.

5. 1898 నాటి కుష్ఠరోగుల చట్టము, ప్రభుత్వము ప్రకటించిన ప్రాంతములలో రోగులు ఆహారపదార్థములమ్ముటను, ఊరి బావినీరు తోడుటను, బాడుగ బండ్లెక్కుటను నిషేధించుటకు అవకాశమిచ్చెను. అది 2016లో రద్దయినది. కావున ఒకని మచ్చను చూపి బావినుండి తొలగింపుమనియో, అంగడి లైసెన్సు నిరాకరింపుమనియో అర్జీ వచ్చినచో, అధికారి ఆ చట్టమునుబట్టి ఉత్తర్వు చేయజాలడు. ఆ మనుష్యుని గౌరవముతో, రహస్యము కాపాడుచు, సమీప ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పంపవలెను. బొల్లియైనచో అర్జీదారులకు భయము తీర్పవలెను. కుష్ఠమైనచో మందు మధ్యలో మానకుండునట్లు తోడ్పడవలెను.