తెల్లకణములకు దారి యెవరు చెప్పుదురు?

పొలము గట్టున నడుచునప్పుడు కాలిలో తుమ్మముల్లు దిగినచో, మరునాటికి ఆ చోటు ఎఱ్ఱబడి, వేడెక్కి, వాచి, సలుపుట అందరు నెఱిగినదే. ముల్లుతో లోనికి పోయిన సూక్ష్మజీవులను చంపుటకు రక్తములోని తెల్లకణములు అచ్చట గుమిగూడును. ఇంతవరకు బడిపిల్లలును చెప్పగలరు. కాని ఆ కణములకు కన్నులు లేవు, చెవులు లేవు. ముల్లు దిగినది కుడికాలి మడమలోనని వానికెట్లు తెలియును? దీనికి సరియైన సమాధానము గడచిన నలుబది యేండ్లలోనే దొరకినది.

దెబ్బతిన్న చోటనున్న కణములు కొన్ని చిన్న మాంసకృత్తులను వెలువరించును. వీనికి కీమోకైన్లని పేరు. మానవ శరీరములో ఇవి సుమారు 50 రకములు. 1987లో తెలియవచ్చిన ఇంటర్‌ల్యూకిన్-8 మొదట గుర్తింపబడినవానిలో నొకటి. చెఱకుతోటలో బెల్లపు పొయ్యి మండుచుండగా, వాసన పొయ్యి దగ్గర చిక్కగాను, దూరము పోయినకొలది పలుచగాను ఉండును గదా. కీమోకైన్లును అట్లే గాయముచుట్టు వ్యాపించును.

వాసన యుండిన చాలదు, పసిగట్టు ముక్కును కావలెను. తెల్లకణముల పైపొరలో ఆ పని చేయునవి గ్రాహకములు. ఒక్కొక్క గ్రాహకము పొడవైన మాంసకృత్తు దారము. కణపు పొరను ఏడుమార్లు కుట్టినట్లుండును. వెలుపలి భాగమునకు కీమోకైన్ తగులుకొనగానే లోపలి భాగము కదలి వార్త నందించును. ఏ వైపు గ్రాహకములకు ఎక్కువ కీమోకైన్ తగులునో ఆ వైపునకు కణము పాదము చాచి ప్రాకును. ఆకాశమున ఎన్ని కేంద్రముల తరంగము లున్నను మీ యింటి రేడియో, మీరు త్రిప్పి పెట్టిన కేంద్రమునే వినిపించును. తెల్లకణములును అంతే, ఏ జాతి కణము తన గ్రాహకములకు తగిన పిలుపునే వినును. ఉపమానము కొంతవరకే చెల్లుననుట మేమెఱుగుదుము. గ్రాహకములు సుమారు 20 మాత్రమే యగుటచే ఒకే గ్రాహకము పలు కీమోకైన్లకు పలుకుటయు కలదు. అట్టి రేడియోను ఎవ్వరును కొనరు.

రక్తవేగమున కొట్టుకొనిపోవు కణము ఒడ్డు చేరుట వేఱొక కష్టము. వాపు వచ్చిన చోట రక్తనాళపు గోడ కొంచెము జిగటబాఱును. కణము ఆ గోడను రాచుకొనుచు మెల్లగా దొర్లును. గోడపై నిలిచియున్న కీమోకైన్ అప్పుడు గ్రాహకమునకు తగులును. వెంటనే కణము లంగరు దింపిన పడవవలె నిలిచి, గోడ సందులనుండి దూరి వెలుపలికి పోవును. కాలికి పుండు పడినప్పుడు గజ్జలలో బిళ్ళ కట్టుటయు ఈ కథలోనిదే. సీసీఆర్-7 అను గ్రాహకము గల కణములు శత్రువు ఆనవాళ్ళను మోసికొని ఆ బిళ్ళలకు చేరును.

ఈ శాస్త్రము మన డెల్టాకు దూరమైనది కాదు. విజయవాడ నడుమ ఏలూరు, బందరు, రైవస్ కాలువలు పాఱుచున్నవి. పాఱు నీరు క్యూలెక్స్ దోమకు సరిపడదు. ఇండ్ల వెనుక నిలిచిన మురుగే దానికి పుట్టినిల్లు. బోదకాలు పురుగును ఒకరినుండి యింకొకరికి చేర్చునది ఆ దోమయే. పెద్దపురుగులు శోషరస నాళములలో ఏండ్ల తరబడి నివసించి, కంటికి కానరాని పిల్లలను రక్తములోనికి విడుచును. ఆ పిల్లలు పగలు ఊపిరితిత్తుల నాళములలో డాగి, రాత్రివేళ చర్మపు నాళములలోనికి వచ్చును. ఫైలేరియా సిబ్బంది రాత్రులందు రక్తము తీయుట అందుచేతనే.

చాలమంది శరీరములు ఈ పిల్లపురుగులను చూచి చూడనట్లు ఊరకుండును. కొందరిలో మాత్రము ఊపిరితిత్తులలో గొప్ప అలజడి పుట్టును. ఇయోసిన్ అను రంగుతో ఎఱ్ఱబాఱు ఇయోసినోఫిల్ కణములు అచ్చటికి దండెత్తును. వానిని పిలుచు ముఖ్యమైన కీమోకైనులలో ఒకటి ఇయోటాక్సిన్. దానిని వినునది సీసీఆర్-3. ఘన మిల్లీమీటరు రక్తములో 500కు మించని ఈ కణములు 3000 దాటుటయు కలదు. రోగికి రాత్రులు విడువని దగ్గు, పిల్లికూతలు, కొద్దిపాటి జ్వరము. చూచువారు ఉబ్బసమందురు, లేదా క్షయ యందురు. మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరము క్షయ వైద్యశాలలో ఫ్రిమోట్-మొల్లర్, బార్టన్ అను వైద్యులు 1940లోనే ఇట్టి రోగులను గూర్చి వ్రాసిరి. క్షయవలె కనబడుచు, క్షయ గాక, ఇయోసినోఫిల్ కణములు పెరిగిన జబ్బని వారు గుర్తించిరి. 1943లో వైన్‌గార్టెన్ దానిని ఉష్ణమండల ఇయోసినోఫిలియా యనెను. ఇందు రక్తములో పిల్లపురుగులు సాధారణముగా కానరావు. ఊపిరితిత్తులలోనే చిక్కి చచ్చును. అందుచే బోదకాలి పురుగే కారణమని తేలుటకు ఆలస్యమైనది. చికిత్స చేయక విడిచినచో ఊపిరితిత్తులు మచ్చగట్టి గట్టిపడవచ్చును. రక్తపరీక్ష లేకయే ఏండ్లకొలది దగ్గు మందులు త్రాగుట ఎంత నష్టమో దీనినిబట్టి తెలియును.

దీనికి మందు మనవాడు చూపినదే. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున, అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయము 1947లో డైఇథైల్‌కార్బమజీన్ అను మందును వెలువరించెను. హెట్రజాన్ అనునది దానికి పెట్టిన పేరు. దీనియందొక చిత్రమున్నది. గాజుగొట్టములో ఈ మందు పోసినను పిల్లపురుగులకు చెప్పుకోదగిన హాని కలుగదు. శరీరములో మాత్రము అవి త్వరలోనే రక్తమునుండి మాయమగును. మందు సూచింపగా చంపునది శరీరపు రక్షణ బలగమే యన్నమాట.

2004లో దేశమందు ఆరంభమైన సామూహిక మందు పంపిణీలో ఇంటింటికి ఈ మాత్రలు వచ్చినవి. మ్రింగిన పిదప జ్వరము, తలనొప్పి వచ్చునని భయపడి కొందరు దాచిపెట్టిరి. ఆ జ్వరము తఱచుగా వచ్చునది రక్తములో పిల్లపురుగులున్న వారికే. అవి చచ్చునప్పుడు వెలువడు పదార్థములకు శరీరము ఉలికిపడి కణములను పిలుచుటవలన అది కలుగును. సాధారణముగా రెండు మూడు దినములలో తగ్గును. గర్భిణులకు, రెండేండ్లు నిండని పిల్లలకు, తీవ్రరోగులకు ఈ మాత్రలు ఈయరాదు.