ముందు బండే గురువు.. ట్రాక్‌పైన మాత్రమే!

గ్రాంట్ రోడ్ (ముంబై): డ్రైవింగ్ స్కూల్లో బండి కదపడం నేర్పుతారు. నడపడం మాత్రం చేయి తిరిగినవాడి వెంట తిరిగితేనే వస్తుంది. కామాటిపురా గల్లీల్లోని మనవాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు. కట్టడాల పనికి తెలుగు నేల నుంచి వలస వచ్చిన కామాటీల పేరే ఈ పేటకు స్థిరపడింది. తాపీ పనైనా, బండి పనైనా మేస్త్రీ చేతిని చూసి నేర్చుకోవడమే మన పద్ధతి. లారీ క్లీనరు డ్రైవరయ్యేదీ అలాగే. రేస్ ట్రాక్‌ల మీద కార్ల యజమానులకు నేర్పేదీ ఇదే పాఠం.

ట్రాక్ డే అంటే..?
ఇది పందెం కాదు, కప్పూ ఉండదు. రుసుం కట్టి, హెల్మెట్ పెట్టుకుని, ఎదురు బండి రాని దారిలో సొంత కారుతో చుట్లు కొట్టే రోజు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల ట్రాక్, కోయంబత్తూరు దగ్గర కరి స్పీడ్‌వే ఉన్నాయి. హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ పోటీ జరిగినా, అది నగర వీధుల్లో తాత్కాలికంగా ఏర్పాటు చేసిన దారి.

వెంబడించడంలో కిటుకు
శిక్షకుడి కారు ముందు, నేర్చుకునేవారు వెనక. ఆయన ఎక్కడ బ్రేకు వేశాడు, మలుపులోకి ఎక్కడ తిప్పాడు, మళ్లీ ఎక్కడ వేగం పెంచాడు.. చూడాల్సినవి ఈ మూడే. తిన్నగా ఉన్నప్పుడే బ్రేకు వేయాలి, బయటి అంచు నుంచి లోపలి అంచుకు వచ్చి మళ్లీ బయటికి పోవాలి. చుట్టు చుట్టుకూ శిక్షకుడి వెనక బండి మారుతుంది. ఎందుకంటే మూడో కారువాడికి కనిపించేది గురువు కాదు, రెండోవాడి తప్పులు!

చూపు ముందు కారు బంపర్‌కు అతుక్కుపోకూడదు. దాన్ని దాటి మలుపు చివర దాకా పోవాలి. లేదంటే ఆయన దారి తప్పితే మనమూ తప్పుతాం. ఆయన బ్రేకు వేసిన చోటే మనమూ వేస్తామంటే కుదరదు. 2023 అక్టోబరులో ముంబై రోడ్లకు సెలవు చెప్పిన పద్మిని ట్యాక్సీ బ్రేకు వేరు, ఏబీఎస్ ఉన్న కొత్త కారు బ్రేకు వేరు. టైర్లు, బరువు కూడా తేడాయే.

ఘాట్‌లో వద్దు బాబూ!
అసలు ముప్పు ట్రాక్ దిగాకే. పుణె, సోలాపూర్ మీదుగా ఊరికి పోయే మన కుర్రాళ్లు ఖండాలా ఘాట్‌లో ముందు కారు తోక పట్టుకుని పోతే అది విద్య కాదు, గండం. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 28 మీటర్లు దూసుకుపోతాం. కాలు బ్రేకు మీదికి వెళ్లేసరికే ఆ దూరం అయిపోతుంది. వేగం రెట్టింపైతే, బ్రేకు వేశాక బండి ఆగే దూరం నాలుగింతలు.

అందుకే లెక్క పెట్టండి. ముందు బండి ఒక స్తంభాన్ని దాటగానే నూటొకటి, నూటరెండు, నూటమూడు అనుకోండి. ఆ తర్వాతే మీరు స్తంభం దగ్గరికి చేరాలి. వానలో ఇంకాస్త ఎక్కువ. మలుపుల్లో లేన్ దాటొద్దు. దిగుడులో గేరు తగ్గించండి, బ్రేకు కాలిపోదు.

పండక్కి ఊరికి అరగంట ఆలస్యంగా చేరినా ఎవరూ ఏమీ అనరు. ముందు బండికీ మనకూ మధ్య ఉన్న ఆ మూడు సెకన్ల ఖాళీయే ఇంటిల్లిపాదికీ రక్ష.