ఉమ్మడి గోడ - ఇరుగుపొరుగు ధర్మము



దేవాలయమునకు వచ్చినపుడు మనమందరము చేతులు జోడించుచున్నాము. అర్చకస్వామి శఠగోపము పెట్టినపుడు శిరస్సు వంచుచున్నాము. కాని ఇంటికి మరలి పోవునపుడు ప్రక్కయింటి గుమ్మము రాగానే ముఖము త్రిప్పుకొనువారు మనలో ఎందరో కలరు. కారణమేమని విచారించినచో అది పెద్ద వైరము కాదు. ఒక గోడ, ఒక తూము, ఒక చూరు నీరు! కావున నేటి ప్రసంగమునకు ఈ చిన్న విషయమునే తీసికొనుచున్నాను.

ఒక పాత పెంకుటింటిని భావింపుడు. తాతలనాడు అన్నదమ్ములు దానిని రెండు వాటాలుగా పంచుకొనిరి. నడిమి గోడ ఉమ్మడి యని పంపకపు దస్తావేజులో వ్రాసికొనిరి. కొంతకాలమునకు ఒక వాటా పరులకు అమ్ముడుపోయినది. గోడమీద ఇరువైపుల దూలములును ఆనియున్నవి. రెండు కప్పులు కలియుచోట వేసిన రేకు కాలువ తుప్పుపట్టి, వాన కురిసినప్పుడెల్ల నీరు గోడలోనికి దిగుచున్నది. పగులులో రావి మొక్క మొలచినది. ఇవతలి యింటిలో ఆ గోడ ప్రక్కనే వృద్ధురాలైన తల్లి మంచము.

“నీళ్ళు మీ కప్పు మీదివే, మీరే బాగుచేయించండి” అని ఇవతలివారు. “మా వైపు చెమ్మ లేదు, మాకేం అవసరం?” అని అవతలివారు. ఈ మాటలతో రెండు వానకాలములు గడచినవి. తరువాత అవతలి గృహస్థుడు తన వైపు మాత్రము సిమెంటు పూత పూయించెను. సున్నముతో కట్టిన పాత గోడ తనలోని తడిని పూతగుండా మెల్లమెల్లగా వెలికి విడుచును. ఒక ప్రక్క సిమెంటుతో మూసినచో ఆ తడి రెండవ ప్రక్కకు పోవును. తన యింటిని బాగుచేసికొంటినని సంతోషించినవాడు, తెలియకయే పొరుగింటి ముసలితల్లి మంచము కడకు చెమ్మను పంపినవాడయ్యెను. ఆమె కుమారుడు దీనిని పగ అనుకొనెను. అది అజ్ఞానమే కాని పగ కాదు. కలహములు పెక్కు ఈ విధముగనే పెరుగుచుండును.

ఇట్టి వివాదములు నేడు పుట్టినవి కావు. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయము పదునెనిమిది వివాదపదములను చెప్పుచు, సీమా వివాదమును వానిలో ఒకటిగా లెక్కించినది. యాజ్ఞవల్క్య స్మృతియు వ్యవహారాధ్యాయములో దీనికొక ప్రకరణమును కేటాయించినది. ఆ స్మృతికి కల్యాణిని ఏలిన చాళుక్య విక్రమాదిత్యుని (1076-1126) కాలమున విజ్ఞానేశ్వరుడు మితాక్షర యను వ్యాఖ్యను రచించెను. పదుమూడవ శతాబ్దిలో కేతన దానిని విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు చేసెను. ఎల్లల తగవు వచ్చినపుడు చుట్టుప్రక్కల వారిని, వృద్ధులను, గోపాలురను విచారింపవలెనని ఆ స్మృతి చెప్పినది. స్థలము నెరిగినవారి మాటకు అంత విలువ!

అచ్చటనే సేతువును, అనగా నీటికి అడ్డుకట్టను గూర్చి రెండు నియమములు కలవు. ఇతరునికి కలుగు బాధ అల్పమై, మేలు అధికమైనచో అట్టి కట్టను అడ్డగింపరాదనునది మొదటిది. భూస్వామికి తెలుపకుండ అతని క్షేత్రమున కట్ట కట్టినచో దాని ఫలము కట్టినవానికి కాక ఆ భూస్వామికే చెందుననునది రెండవది. ఇవి పొలమునకు చెప్పినవే యైనను, మన గోడకును దారి చూపును. పొరుగువాడు మరమ్మతుకై నాలుగు దినములు మన పెరటిలో నిచ్చెన వేసికొందునన్నచో కాదనరాదు. ఆలాగుననే, అతనితో చెప్పకుండ పని ముగించి, పిమ్మట లెక్క కాగితము పంపి సగము సొమ్మిమ్మని నిలదీయరాదు.

మాటలాడుటెట్లు? భగవద్గీత 17వ అధ్యాయము 15వ శ్లోకమున భగవానుడు వాక్కుచే చేయదగిన తపస్సును వివరించెను. ఎదుటివారికి ఉద్వేగము కలిగింపనిది, సత్యమైనది, ప్రియమైనది, హితమైనది అగు మాటయే ఆ తపస్సు. ఈ నాలుగును కలిసియుండవలెను. “మీ వలననే గోడ కూలుచున్నది” అనుట సత్యమే కావచ్చును గాని ఉద్వేగకరము. “ఏమీ ఫరవాలేదులెండి” అనుట ప్రియమే గాని, తల్లి మంచము ప్రక్క గోడ ఉబ్బియుండగా అది సత్యమును గాదు, హితమును గాదు. మరి ఆ కుమారుడు ఇట్లు పలుకవచ్చును:

“బాబాయిగారూ, పోయినసారి నేను గట్టిగా మాట్లాడాను, అది నా తప్పే. అమ్మ మంచం ఆ గోడ పక్కనే ఉంది, వానలు దగ్గరపడుతున్నాయి. మీరొకసారి మా వైపు వచ్చి చూడండి, నేనూ మీ వైపు వచ్చి చూస్తాను. మేస్త్రిని మీరు ఎవరిని పిలవమంటే వారినే పిలుద్దాం.”

ఇరువురును కలిసి పగటివేళ రెండు వైపుల చూచిన పిమ్మట ఖర్చును మూడు భాగములుగా విడదీయవలెను. గోడ లోపలి కట్టడము, రేకు కాలువ ఉమ్మడివి గనుక చెరి సగము. లోపలి పూత, రంగు ఎవరివి వారివి. ఒకరి స్నానాలగది నీటివలననో, కుళాయి గొట్టమువలననో కలిగిన నష్టము వారిదే. ఈ ఒప్పందమును తెల్లకాగితముపై వ్రాసి ఇరువురు సంతకములు చేయవలెను. వ్రాసికొనుట అవిశ్వాసము కాదు. రేపు మన పిల్లలు తగవులాడకుండుటకు చేయు ఏర్పాటు. పొరుగువానికి ఆ సమయమున సొమ్ము లేకపోయినచో వాయిదాలకు అంగీకరింపవలెను. అతని లేమిని నలుగురిలో చాటరాదు.

ఇక రావి మొక్క. అశ్వత్థమును పెకలించుటకు భక్తులు వెనుకాడుదురు. ఆ సంకోచము గౌరవింపదగినదే. కాని వేళ్ళు గోడలో దిగినకొలది పగులు పెరుగును, పిమ్మట మొక్కను తీసినను గోడ నిలువదు. లేతగా నున్నపుడే వేళ్ళతో జాగ్రత్తగా తీసి, గుడి ఆవరణలోనో చెరువుగట్టుననో నాటినచో మొక్కయు బ్రతుకును, ఇల్లును నిలుచును. ఆ పనిని ఇరుగుపొరుగులు కలిసి చేసినచో మరింత శ్రేయస్కరము.

ఇన్ని చేసినను పొరుగువాడు వినకున్నచో? ఉద్యోగపర్వమును స్మరింపుడు. రాజ్యమంతటికి హక్కుగల ధర్మరాజు అయిదూళ్ళతో తృప్తిపడుదునని పలికెను. దుర్యోధనుడు వినడని తెలిసియు శ్రీకృష్ణుడు రాయబారమునకు వెళ్ళెను. వ్యర్థప్రయత్నమేల యని విదురుడు శంకింపగా, శక్తికొలది యత్నించి సఫలుడు కాకున్నను ధర్మకార్యఫలము దక్కుననియు, మిత్రుని జుట్టు పట్టియైనను తప్పుపనినుండి మరలింప జూడవలెననియు బదులిచ్చెను. సాక్షాత్తు భగవానుడే గుమ్మము తొక్కగా, మనము రెండవసారి పోవుటకు సిగ్గేల?

అప్పటికిని కుదరనిచో ఇరువురికి ఆప్తులైన పెద్దలను పిలువవలెను. అదియు ఫలింపనిచో లోక్ అదాలత్ కలదు. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టము 1995 నవంబరు 9న అమలులోనికి వచ్చినది. అచ్చట కోర్టు రుసుము లేదు. ఇరువురి సమ్మతితో కుదిరిన రాజీ సివిలు కోర్టు డిక్రీతో సమానము, దానిపై అప్పీలు లేదు. అచ్చటికి పోవుట పగ సాధించుట కాదు. నోటిమాటతో కుదరనిది పెద్దల సమక్షమున కుదుర్చుకొనుటయే.

ఈలోపల మాత్రము ఒక పని వాయిదా వేయరాదు. ఎవరిది తప్పో తేలువరకు గోడ ఆగదు. తల్లి మంచమును వేరొక గదిలోనికి మార్పుడు. దూలములకు గుంజలు ఆసరాగా నిలుపుడు. గోడ ప్రక్క ఆడుకొనవద్దని అవతలి యింటి పిల్లలకును చెప్పుడు. తగవు పెద్దలది, ప్రమాదము అందరిది. ఓర్పు అనగా గోడ కూలువరకు ఊరకుండుట కాదు, కోపము లేకుండ చేయవలసినది చేయుట.

మహాశయులారా! ఈ వానకాలమునకు ముందే ఒక్క సాయంత్రము, ఆలయమునుండి తీసికొనిపోవు ప్రసాదములో సగము ప్రక్కయింట ఇచ్చి రండు. గోడ సంగతి ఆనాడే ఎత్తనక్కరలేదు. మరునాడు మాటలాడుటకు తలుపు తెరచియుండును.

శుభం భూయాత్.