సొరపువ్వు విచ్చుకునే వేళ

జులై నెల, సాయంత్రం ఏడున్నర. న్యూజెర్సీలో ఇంకా పొద్దు వాలలేదు. పందిరి మీద సొరపువ్వులు అప్పుడప్పుడే తెల్లగా విచ్చుకుంటున్నాయి. పొడవాటి కాడ ఉన్న మగ పువ్వొకటి కోసి, రేకలు తుంచేసి, అడుగున చిట్టి పిందె ఉన్న ఆడ పువ్వు నడిమధ్య మెల్లగా అద్దాను. పుప్పొడి తగిలిన పిందె నాలుగు రోజుల్లో తేరుకుని సాగుతుంది. తగలనిది పసుపుబారి రాలిపోతుంది. సొర, బీర సాయంత్రం పూస్తాయి. ఆ వేళకు తేనెటీగలు చాలావరకు గూళ్లకు చేరిపోతాయి. నాకు కావలసిందీ అదే. తేనెటీగ కాటు నాకు పడదు.

మూడేళ్ల క్రితం చెప్పుల్లేకుండా గడ్డిలో నడిచాను. తెల్లటి క్లోవర్ పూల మీద వాలిన ఈగ అరికాల్లో కుట్టింది. పది నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు. గొంతు బిగుసుకుపోయింది, కళ్లు తిరిగాయి. మావారు 911కి ఫోన్ చేయబట్టి బతికాను. తర్వాత చుట్టాలందరిదీ ఒకటే మాట: తోట పీకేయ్, లేదంటే మందు కొట్టించు. రెండూ చేయలేదు. మందు కొడితే గుమ్మడి, దోస, కాకర కాపు కూడా పోతుంది. అవి పొద్దున పూస్తాయి, ఈగ వాలితేనే కాస్తాయి. అందుకని పొద్దున తోట ఈగలకు వదిలేశాను.

అమెరికాలో స్థానిక తేనెటీగ జాతులే దాదాపు 4,000. మనకు తేనె ఇచ్చే ఈగ మాత్రం 1622లో ఓడెక్కి వర్జీనియాకు వచ్చింది. స్థానిక జాతుల్లో ఎక్కువ భాగం ఒంటరివి. కాపాడుకోవలసిన తుట్టె ఉండదు కనుక మీద పడవు. మధ్యాహ్నం ముడుచుకున్న గుమ్మడి పువ్వులో ‘జుయ్’మని వినిపిస్తే, లోపల కునుకు తీస్తున్నది చాలాసార్లు స్క్వాష్ బీ మగది. మగ ఈగకు కొండే ఉండదు.

నేను భయపడేది ఎక్కువగా యెల్లోజాకెట్ అనే కందిరీగకు. తేనెటీగ కొండి కొక్కేలతో మన ఒంట్లోనే ఉండిపోతుంది, కుట్టిన ఈగ చచ్చిపోతుంది. కందిరీగ అలా కాదు, ఎన్నిసార్లయినా కుడుతుంది. నేల బొరియల్లో గూడు పెట్టి, గడ్డి కోసే మిషన్ అదురుకే గుంపుగా లేస్తుంది. ఆగస్టు చివర మరీ ప్రమాదం. అందుకే గడ్డి కోత మావారిది. రాలిన పళ్లు ఎప్పటికప్పుడు ఏరేస్తాం, కూల్‌డ్రింక్ డబ్బా తెరిచి బయట పెట్టం. ఇది అతిభయం కాదు. ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్కల ప్రకారం 2011 నుంచి 2021 దాకా ఈగలు, కందిరీగలు కుట్టి అమెరికాలో 788 మంది చనిపోయారు.

ఈ అలెర్జీకి ఒకప్పటి వైద్యం సంగతి తెలిశాక నాకు చాలా రోజులు నిద్ర పట్టలేదు. దశాబ్దాలపాటు ఈగను నిలువునా నూరి తీసిన రసాన్నే విరుగుడుగా ఎక్కించేవారు. 1978లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ వైద్యులు రోగులను మూడు జట్లు చేసి, దగ్గరుండి మళ్లీ కుట్టించి చూశారు. ఉత్తుత్తి మందు తీసుకున్న 12 మందిలో ఏడుగురికి ఒళ్లంతా అలెర్జీ వచ్చింది. నూరిన రసం తీసుకున్నవారు 11 మంది, వాళ్లలోనూ ఏడుగురికి అంతే. స్వచ్ఛమైన విషాన్ని కొద్దికొద్దిగా ఎక్కించుకున్న 18 మందిలో ఒక్కరికే వచ్చింది. అంతకాలం ఎంతమంది రక్షణ ఉందన్న నమ్మకంతో తోటల్లోకి వెళ్లారో! మరుసటి ఏడాదే విషపు ఇంజెక్షన్లకు ప్రభుత్వ అనుమతి వచ్చింది. మూడు నుంచి ఐదేళ్లు తీసుకోవాలి. నాకిది రెండో ఏడు.

అయినా అలెర్జీ ముదిరితే పొడుచుకునే ఎపినెఫ్రిన్ పెన్నులు రెండూ నడుముకు కట్టుకున్న సంచిలో ఉంటేనే మడిలో అడుగు పెడతాను. వంటింటి సొరుగులో ఉన్న పెన్ను వంకాయ మొక్కల దగ్గర పడిపోయిన మనిషికి అందదు. కారులో పెడితే ఎండకు మందు చెడుతుంది. ఈగ కుడితే కొండిని వెంటనే తీసేయాలి. గోటితో గీకాలా, వేళ్లతో లాగాలా అని ఆలోచించేలోపు విషం దిగుతూనే ఉంటుంది. దద్దుర్లు పాకినా, గొంతు బిగిసినా తొడ బయటివైపు బట్టల మీదుగానే పెన్ను పొడిచి, 911కి ఫోన్ చేయాలి. అలెర్జీ మాత్ర దురద తగ్గిస్తుందే గానీ బిగిసిన గొంతును తెరవదు.

తలుపు పక్కనున్న తులసి వెన్ను వేస్తే ఈగలు ముసురుతాయి. వెన్నులు తుంచేస్తుంటే వీడియో కాల్‌లో అమ్మ చూసింది. “అదేమిటే, తులసమ్మను పూయనివ్వవా?” అంది. ఫోను తిప్పి పెరటి చివర కంచె చూపించాను. అక్కడ ఇంకో కుండీ ఉంది. దాని వెన్నులు నేను ముట్టుకోను.